పదివేల సంవత్సరాల హెచ్చరిక: భూగర్భ అణువ్యర్థాలు - భాషాసంకేత సమస్య

అణువిద్యుత్ కేంద్రాల్లో వాడిన ఇంధనంలోని ప్లుటోనియం-239 సగానికి క్షీణించడానికే సుమారు 24,000 సంవత్సరాలు పడుతుంది. అందుకే అటువంటి వ్యర్థాలను లోతైన శిలాస్తరాల్లో నిక్షేపించే మార్గంపై పలు దేశాల్లో పరిశోధనలు సాగుతున్నాయి. ఫిన్లాండ్‌లో ఓంకాలో సొరంగం తవ్వకం 2004లో మొదలైంది. వాడిన ఇంధనాన్ని రాగి పెట్టెల్లో ఉంచి, చుట్టూ బెంటొనైట్ బంకమట్టిని కూరి, 400 మీటర్లకు పైగా లోతున భద్రపరచాలన్నది అక్కడి ప్రణాళిక. తడి తగిలితే ఆ మట్టి ఉబ్బి నీటిని అడ్డుకుంటుంది. రాగి క్షయం, శిలలో నీటి కదలిక వంటివి ప్రయోగశాలలో పరీక్షించదగినవి. భావితరాల వారు తెలియక అక్కడ తవ్వితే ఏమిటన్న ప్రశ్న మాత్రం భాషాశాస్త్రం వైపు తిరుగుతుంది.

ఈ ప్రశ్నను ఎక్కువగా చర్చించింది అమెరికా. న్యూ మెక్సికోలో సుమారు 655 మీటర్ల లోతున ఉన్న ఉప్పు పొరల్లో 1999 నుండి అణ్వాయుధ తయారీ వ్యర్థాలను ఉంచుతున్నారు. ఆ స్థలం కోసం 1993లో వెలువడిన నిపుణుల నివేదిక పదివేల సంవత్సరాలు నిలిచే హెచ్చరికల రూపాన్ని పరిశీలించింది. ఐక్యరాజ్యసమితి అధికార భాషలు ఆరింటితోపాటు స్థానిక నవాహో భాషలోనూ సందేశాలు చెక్కాలన్నది ప్రతిపాదన. బొమ్మలతో సరిపెట్టవచ్చు కదా అనిపిస్తుంది. కాని మూడు రేకుల రేడియోధార్మిక చిహ్నం 1946లో రూపొందినదే. దానికి ఆ అర్థం మనం నేర్చుకున్నది తప్ప సహజమైనది కాదు. చాలినంత స్పష్టత లేదనే 2007లో పుర్రె, పరుగెత్తే మనిషి గల మరో చిహ్నాన్ని ప్రవేశపెట్టారు.

తెలుగు శాసనాలను బోధించేవారికి ఈ చిక్కు కొత్తది కాదు. రేనాటి చోళుల కలమళ్ళ శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది. అంటే పదివేల సంవత్సరాల్లో ఏడో వంతు గడువు. భాష మనదే అయినా, లిపిశాస్త్ర పరిచయం లేని తెలుగువాడు నేడు దానిని చదవలేడు. రాయి నిలిచినంత మాత్రాన అర్థం నిలవలేదు. దానిని తిరిగి మనకు అందించినది శాసన పరిశోధకుల కృషి.

సంకేతశాస్త్రవేత్త థామస్ సెబియోక్ 1984లో సమర్పించిన నివేదిక సారం దీనికి దగ్గరగా ఉంది. ఏ సందేశమూ పదివేల సంవత్సరాలు అర్థం కాదు గనుక, మూడేసి తరాలకొకసారి దానిని నాటి భాషలోకి తిరగరాయాలన్నాడు. ఇంతవరకు సమంజసమే. అయితే ఈ బాధ్యతను ‘అణుపురోహిత వర్గం’ చేతికిచ్చి, కల్పిత గాథలతో, కర్మకాండతో సామాన్యులను దూరంగా ఉంచాలన్న సూచన అంగీకరించదగినది కాదు. కారణం దాచి భయాన్ని మాత్రమే అందిస్తే, ఆ భయాన్ని నమ్మనివాడే మొదట తవ్వుతాడు. శాపాలకు వెరవక ఈజిప్టు సమాధులను దోచినవారు ఉన్నారు కదా.

ఫిన్లాండ్ నిర్మాణ సూత్రం వేరు: సొరంగాన్ని మూసివేశాక మనుషుల నిఘా లేకపోయినా భద్రత కొనసాగాలి. అక్కడ భారమంతా రాగి, మట్టి, శిలలదే. అయినా ఆ స్థలపు సమాచారాన్ని ఏ రూపంలో, ఎవరు, ఎంతకాలం భద్రపరచాలన్న ప్రశ్న భాషావేత్తల ముందు అలాగే ఉంది.