కదిలే భాగం లేని శీతల యంత్రం: మరమ్మతా, మార్పిడా?

మోటారో, కంప్రెసరో తిరగనిదే చల్లదనం పుట్టదని మనలో చాలామంది నమ్మకం. ఇంటిలోని ఫ్రిజ్ మొదలు కర్మాగారంలోని శీతలీకరణ విభాగం వరకు మన నిత్యానుభవం కూడా ఈ నమ్మకాన్నే బలపరుస్తున్నది. అయితే తిరిగే భాగం ఒక్కటైనా లేకుండా, చప్పుడు లేకుండా, చిన్న మంట వేడితోనే మంచుగడ్డను తయారుచేసే ఫ్రిజ్ కూడా ఒకటి గలదు. అమెరికా, ఐరోపాలలో మోటార్‌హోమ్ అని పిలువబడే చక్రాల ఇళ్లలో దశాబ్దాలుగా దీనిదే రాజ్యం.

మన సంస్థలోని ఉద్యోగుల, విశ్రాంత ఉద్యోగుల పిల్లలు అనేకులు అమెరికాలో స్థిరపడి ఉన్నారు. తల్లిదండ్రులు వెళ్లినప్పుడు మోటార్‌హోమ్ అద్దెకు తీసుకొని గ్రాండ్ కాన్యన్, ఎల్లోస్టోన్ వంటి ప్రదేశాలకు తీసుకువెళ్లడం పరిపాటి. కొందరు పాత వాహనాన్ని సొంతంగా కొనుక్కొంటున్నారు కూడా. అటువంటి వాహనంలో ఫ్రిజ్ చల్లబడకపోతే, ‘కూలింగ్ యూనిట్ పోయింది, మార్చాలి’ అన్న మాటే తరచుగా మొదట వినబడుతుంది. అది చిన్న ఖర్చు కాదు. పాలు, పెరుగు పాడైతే పోయేది కొంచెమే. కాని మధుమేహం గల పెద్దవారి ఇన్సులిన్ అందులో ఉంటే సంగతి వేరు. తెరవని ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య భద్రపరచాలి. అందుచేత యూనిట్ నిజంగానే చెడిందా, చెడితే ఏమి చేయాలి అన్న రెండు ప్రశ్నలకు సమాధానం తెలిసి ఉండడం అవసరం.

నిప్పు నుండి చల్లదనం

అమ్మోనియా, నీరు జంటగా పనిచేసే శోషణ యంత్రాన్ని ఫ్రాన్స్ దేశీయుడు ఫెర్డినాండ్ కారే 1859 ప్రాంతంలో రూపొందించాడు. అందులో ద్రావణాన్ని తోడడానికి పంపు కావలసి వచ్చేది. ఆ పంపును సైతం తొలగించిన ఘనత స్టాక్‌హోమ్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థులు బాల్ట్‌జార్ వాన్ ప్లాటెన్, కార్ల్ మున్టర్స్‌లకు దక్కింది. 1922లో వారు కనుగొన్న ఈ విధానాన్ని 1925లో ఎలక్ట్రోలక్స్ సంస్థ స్వీకరించి బజారులోకి తెచ్చింది. ఇటువంటి కదలిక లేని ఫ్రిజ్ ఒకదానికి ఆల్బర్ట్ ఐన్‌స్టీన్, లియో సిలార్డ్ 1930లో అమెరికాలో పేటెంటు పొందారన్నది ఆసక్తికరమైన విషయం.

యంత్రంలోపల పనిచేసేవి ముఖ్యంగా మూడు పదార్థాలు: అమ్మోనియా, నీరు, హైడ్రోజన్. ఇవి ఉక్కు గొట్టాలలో శాశ్వతంగా మూసివేయబడి ఉంటాయి. అడుగున ఉండే బాయిలర్‌ను గ్యాస్ మంట గాని, విద్యుత్ హీటర్ గాని వేడిచేస్తుంది. అప్పుడు ద్రావణంలోని అమ్మోనియా బుడగలు బుడగలుగా వెలువడి, సన్నని గొట్టం గుండా పైకి పోతూ తనతోపాటు ద్రవాన్ని కూడా మోసుకుపోతుంది. ఈ యంత్రానికి బుడగలే పంపు.

పైకి చేరిన అమ్మోనియా ఆవిరి కండెన్సర్‌లో చల్లబడి ద్రవమై, ఎవాపరేటర్‌లోకి జారుతుంది. అక్కడ హైడ్రోజన్ సిద్ధంగా ఉంటుంది. గొట్టాలన్నింటిలోను మొత్తం పీడనం ఇంచుమించు ఒక్కటే. అది వాతావరణ పీడనానికి సుమారు 20 నుండి 25 రెట్లు. ఎవాపరేటర్‌లో ఆ పీడనంలో అధిక భాగం హైడ్రోజన్‌ది కావడంతో అమ్మోనియా వంతుకు వచ్చేది స్వల్పం. అందువల్ల అమ్మోనియా తక్కువ ఉష్ణోగ్రత వద్దనే ఆవిరై, ఫ్రిజ్‌లోని పదార్థాల వేడిని లాగివేస్తుంది. బరువెక్కిన ఈ వాయు మిశ్రమం కిందికి దిగి అబ్జార్బర్‌ను చేరుతుంది. అక్కడ జాలువారే పలుచని ద్రావణం అమ్మోనియాను పీల్చుకొంటుంది. తేలికైన హైడ్రోజన్ తిరిగి పైకి పోతుంది. చిక్కబడిన ద్రావణం మరల బాయిలర్‌ను చేరుతుంది. ఈ ప్రయాణమంతటికీ చోదకశక్తి వేడి, భూమ్యాకర్షణ మాత్రమే. హోటల్ గదులలోని నిశ్శబ్దమైన చిన్న ఫ్రిజ్‌లలో అనేకం ఈ జాతివే. మన పరిశ్రమలలో వృథా ఆవిరితో నడిచే లిథియం బ్రోమైడ్ చిల్లర్లు సైతం శోషణ కుటుంబానికి చెందినవే.

ఒరిగి నిలిస్తే వచ్చే ముప్పు

పంటకాలువకు వాలు తప్పితే నీరు మడికి చేరదు. ఈ యంత్రం విషయమూ అంతే. వాహనం నడుస్తున్నప్పుడు కుదుపుల వలన ద్రవం అటూ ఇటూ కదులుతుంటుంది గనుక పెద్ద ప్రమాదం లేదు. వాహనాన్ని పల్లానికి ఒరిగేలా నిలిపి, ఫ్రిజ్‌ను గంటల తరబడి నడిపినప్పుడే చిక్కు వస్తుంది. సాధారణంగా పక్కలకు 3 డిగ్రీలు, ముందు వెనుకలకు 6 డిగ్రీలకు మించి వాలు ఉండరాదని తయారీదారులు సూచిస్తారు. అంతకు మించితే ద్రావణం గొట్టాల వంపులలో నిలిచిపోతుంది. బాయిలర్‌లో ద్రవం తగ్గినా మంట మాత్రం మండుతూనే ఉంటుంది.

గొట్టాలు లోపల తినివేయబడకుండా ద్రావణంలో సోడియం క్రోమేట్ కలుపుతారు. బాయిలర్ మితిమీరి వేడెక్కినప్పుడు ఈ క్రోమేట్ గట్టిపడి, బుడగలు పైకెక్కే సన్నని గొట్టంలో పేరుకొంటుంది. అలా ఏర్పడిన అడ్డు తిరిగి కరగదు. ఒక్క రాత్రి నష్టం పైకి కనబడకపోవచ్చు. అటువంటి రాత్రులు పోగుపడి ఒకనాడు యూనిట్ నిలిచిపోతుంది. అరుగుదలకు తావులేని ఈ యంత్రం నిలబెట్టిన తీరు వల్ల చెడుతున్నదన్నమాట.

తీర్పుకు ముందు విచారణ

కూలింగ్ యూనిట్‌కు తనను వేడిచేసేది గ్యాసో, విద్యుత్తో తెలియదు. దానికి కావలసింది వేడి మాత్రమే. పరీక్షకు ఈ ఒక్క సూత్రమే ఆధారం. ఫ్రిజ్ విద్యుత్తుపై చల్లబడి గ్యాస్‌పై చల్లబడకపోతే దోషం యూనిట్‌ది కాదు, బర్నర్‌ది. గ్యాస్‌పై చల్లబడి విద్యుత్తుపై చల్లబడకపోతే హీటర్‌నో, కంట్రోల్ బోర్డునో అనుమానించాలి. రెంటిపైనా విఫలమైనప్పుడే యూనిట్‌పై అనుమానం బలపడుతుంది.

టెక్సస్‌లో ఉన్న మా మేనల్లుడి పాత వాహనానికి ఇదే సమస్య వచ్చింది. “యూనిట్ మార్చాల్సిందేనంటున్నారు మామయ్యా, ఏం చేయమంటారు?” అని అతడు అడిగినప్పుడు, ముందుగా వాహనాన్ని సమతలంగా నిలిపి ఒక పగలు, ఒక రాత్రి విద్యుత్తుపై నడిపి చూడమన్నాను. ఫ్రిజ్ మధ్య అరలో గ్లాసెడు నీరు ఉంచి అందులో థర్మామీటరు పెట్టమన్నాను. మరునాటికి నీరు 4 డిగ్రీలకు దిగింది. గ్యాస్‌కు మార్చగానే మరల వేడెక్కసాగింది. విప్పి చూడగా బర్నర్ గొట్టంలో సాలెగూడు ఉన్నది. దానిని తొలగించడంతో నీలి మంట తిరిగి వచ్చింది, మార్పిడి ఖర్చు తప్పింది. బర్నర్‌లలో సాలీళ్లు గూడు కట్టడం ఆ వాహనాలలో సర్వసాధారణం.

పరీక్షను ఈ వరుసలో చేయడం మేలు.

ఒకటి: వాహనం సమతలంగా ఉన్నదా అని స్పిరిట్ లెవెల్‌ను ఫ్రీజర్ అడుగుభాగంపై ఉంచి చూడాలి.

రెండు: హీటర్ నిరోధాన్ని కొలవాలి. ఉదాహరణకు 120 వోల్టుల, 325 వాట్ల హీటర్‌కు సుమారు 44 ఓములు రావాలి.

మూడు: గ్యాస్ పీడనం 11 అంగుళాల నీటిమట్టానికి సమానంగా ఉండాలి, మంట నీలిరంగులో ఉండాలి. సిలిండర్ మూసిన పిమ్మటనే బర్నర్‌ను విప్పాలి. జెట్‌ను సూదితో పొడవరాదు, రంధ్రం పెద్దదవుతుంది. స్పిరిట్‌లో నానబెట్టి ఆరబెడితే చాలును.

నాలుగు: ఫ్రిజ్ వెనుక గాలి కింది జాలీ నుండి ప్రవేశించి పై జాలీ నుండి ధారాళంగా పోవాలి. అక్కడ పక్షిగూడు, కందిరీగల పట్టు ఉన్నా ఎండాకాలంలో చల్లదనం పడిపోతుంది.

ఐదు: తలుపు చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్ మధ్య కాగితం ఉంచి తలుపు వేసి లాగాలి. తేలికగా జారివస్తే గాస్కెట్ పట్టు తప్పిందన్నమాట.

ఇవన్నీ సవ్యంగా ఉండి, విద్యుత్తుపై 24 గంటలు నడిపినా నీరు 6 డిగ్రీలకు దిగకపోతే యూనిట్ పని అయిపోయినట్లే. బాయిలర్ వేడిగా ఉండి, అబ్జార్బర్ చల్లగా ఉండడం లోపలి ప్రసరణ ఆగిందనడానికి గుర్తు. బాయిలర్ దగ్గర పసుపుపచ్చని పొడి కనబడితే అది బయటికి వచ్చిన క్రోమేట్. అమ్మోనియా ఘాటు వాసన వస్తే ఇక పరీక్షలు అనవసరం. గ్యాస్, విద్యుత్తు ఆపివేసి, తలుపులు తెరచి, అందరూ బయటికి రావాలి.

ఇంటివద్ద మరమ్మతు వలదు

యూనిట్‌ను విప్పి తలకిందులుగా ఉంచితే బాగవుతుందన్న చిట్కా ఒకటి ప్రచారంలో ఉన్నది. పాత యూనిట్లలో స్తంభించిన ద్రవం కదిలి ఒక్కోసారి ఫలితం కనబడిన మాట నిజమే. కాని పేరుకొన్న క్రోమేట్‌ను గాని, చిల్లుపడిన గొట్టాన్ని గాని అది బాగుచేయలేదు.

ఇక గొట్టాన్ని కోసి వెల్డింగ్ చేసే ప్రయత్నం ప్రాణాంతకం. లోపల ఉన్నవి అధిక పీడనంలో మండే స్వభావం గల హైడ్రోజన్, ఊపిరితిత్తులను దహించే అమ్మోనియా, క్యాన్సర్ కారకమైన క్రోమేట్. బాయిలర్ భాగాన్ని మార్చి తిరిగి నింపే ప్రత్యేక వర్క్‌షాపులు అమెరికాలో ఉన్నాయి. ఆ పని వారిదే. బాయిలర్ గొట్టానికి పగుళ్లు వచ్చి మంటలు చెలరేగే ప్రమాదం దృష్ట్యా 2006లో అమెరికాలో ఒకే తయారీదారుకు చెందిన 9 లక్షలకు పైగా ఫ్రిజ్‌లను వెనక్కి పిలవవలసి వచ్చింది. పాత వాహనం కొనేవారు ఫ్రిజ్ సీరియల్ నంబరును అటువంటి జాబితాలతో సరిచూసుకోవడం విధి.

మార్పిడి క్రమం

యూనిట్ మార్చడానికి గ్యాస్, విద్యుత్ సంబంధాలు తొలగించి, గ్యాస్ లైనుకు బిరడా బిగించి, ఫ్రిజ్‌ను ఇద్దరు మనుషులు ముందుకు లాగాలి. దానిని ముఖం కిందికి వచ్చేలా దుప్పటిపై పడుకోబెడితే, ఫోమ్ దిమ్మెతో కూడిన యూనిట్ వెనుకభాగాన కనబడుతుంది. లోపలి మరలు తీసి, అంచుల సీలు కోసి, దానిని తిన్నగా పైకి లేపాలి. కొత్తది దింపే ముందు ఎవాపరేటర్ ఆనే లోహపు పలకకు ఉష్ణవాహక లేపనాన్ని సమంగా పూయాలి. ఫోమ్ దిమ్మె చుట్టూ సందు లేకుండా సీలు చేయాలి. కొత్త యూనిట్ అమర్చినా సరిగా చల్లబడకపోవడానికి తరచు కారణం ఈ రెండు పనులలో జరిగే అశ్రద్ధే. పాత హీటర్లను, బర్నర్‌ను, పొగగొట్టంలోని బాఫిల్‌ను యథాస్థానంలో అమర్చాలి. గ్యాస్ జాయింట్లన్నింటినీ సబ్బునీటితో పరీక్షించిన పిదపనే మంట వెలిగించాలి.

ఏది ఎంచుకోవాలి?

ఫ్రిజ్ పెట్టె, తలుపు, కంట్రోల్ బోర్డు దృఢంగా ఉంటే యూనిట్ ఒక్కటే మార్చడం లాభసాటి. పెట్టె పగిలి ఉంటే మొత్తం ఫ్రిజ్ మార్చడం ఉత్తమం. ఇటీవల లిథియం బ్యాటరీలు, సౌర ఫలకాలు అందుబాటులోకి రావడంతో 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌లు కొత్త వాహనాలలో విరివిగా వస్తున్నాయి. పాత పెట్టెకే కంప్రెసర్ యూనిట్‌ను అమర్చే ఏర్పాటు కూడా ఉన్నది. వాలును సహించడం, త్వరగా చల్లబరచడం వీటి సుగుణాలు. అయితే అడవిలో, విద్యుత్తు లేనిచోట రోజుల తరబడి బస చేసేవారికి చిన్న గ్యాస్ మంటతో నడిచే పాత విధానం నేటికీ అనుకూలమే.

పిల్లల వద్దకు వెళ్లి మోటార్‌హోమ్‌లో యాత్ర చేసే మన పాఠకులకు చివరిగా ఒక మనవి. ప్రయాణానికి ముందురోజే ఫ్రిజ్‌ను నడపండి. ఇన్సులిన్ పక్కన చిన్న థర్మామీటరు ఉంచండి. గడ్డకట్టిన ఇన్సులిన్ వాడరాదు గనుక ఫ్రీజర్ చెంత పెట్టకండి. రాత్రి బసకు వాహనం ఆపినప్పుడు స్పిరిట్ లెవెల్‌లోని బుడగ నడుమ నిలిచిందో లేదో మనవడినో, మనవరాలినో చూసి చెప్పమనండి. అర నిమిషం పట్టే ఆ పని యూనిట్ ఆయుష్షును ఏళ్ల తరబడి పొడిగిస్తుంది.