పేటెంట్ అంటే ఏమిటి? మందుల ధరతో దానికి సంబంధం ఏమిటి?

మా ఫార్మసీ కిటికీ దగ్గర తరచుగా రెండు ప్రశ్నలు వినబడతాయి. "ఈ బిళ్ళ ఇంత ఖరీదు ఎందుకండీ?" అన్నది మొదటిది. "అదే మందు ఇంకో చోట అంత తక్కువకు ఇస్తున్నారు, అది నకిలీదా?" అన్నది రెండోది. పేటెంట్ అనే మాట అర్థమైతే ఈ రెండింటికీ చాలావరకు జవాబు దొరుకుతుంది.

ఇది కోర్టులకు, కంపెనీలకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. మనకు ఒక పక్క పరవాడలో ఫార్మా సిటీ ఉంది, మరో పక్క భీమునిపట్నం దగ్గర చిప్పాడలో దివీస్ కర్మాగారం ఉంది. అలాంటి కర్మాగారాలు ఏ మందు చేయవచ్చో, ఎప్పటినుంచి చేయవచ్చో, ఏ దేశంలో అమ్మవచ్చో చాలావరకు పేటెంట్ చట్టాలే తేలుస్తాయి. మన ఇంటి నెలసరి మందుల ఖర్చు కూడా కొంత అక్కడే తేలుతుంది.

పేటెంట్ అంటే ఏమిటి?

కొత్త మందు కనిపెట్టినవారికి ప్రభుత్వం ఇచ్చే హక్కు పత్రమే పేటెంట్. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్ళ వరకు వారి అనుమతి లేకుండా ఇంకెవరూ ఆ మందు తయారు చేయకూడదు, అమ్మకూడదు, దిగుమతి చేసుకోకూడదు. దీనికి బదులుగా ఆ మందు ఎలా చేయాలో వారు దాచకుండా రాసి ఇవ్వాలి. గడువు తీరాక ఎవరైనా దాన్ని చేసుకోవచ్చు. ఒక దేశంలో ఇచ్చిన పేటెంట్ ఆ దేశంలోనే చెల్లుతుంది.

కంపెనీల వాదన కూడా వినాలి. ఒక కొత్త మందు వెనుక ఎన్నో ఏళ్ళ పరిశోధన ఉంటుంది, మధ్యలో విఫలమైన మందులు ఎన్నో ఉంటాయి. ఆ ఖర్చు రాబట్టుకునే దారి లేకపోతే కొత్త మందులు రావని వారు అంటారు. అందులో నిజం ఉంది. అయితే ఆ హక్కు ఎంత దూరం పోవాలన్న దగ్గరే తగాదా వస్తుంది.

హద్దులు ఎక్కడిదాకా?

పొలం పట్టాలో హద్దులు రాసినట్టే పేటెంట్ పత్రంలోనూ ఏది తమదో వరుసగా రాస్తారు. ఆ హద్దులోకి వస్తే తప్పు, బయట ఉంటే తప్పు లేదు. అయితే ఒకే మందు మీద చాలా పేటెంట్లు ఉండవచ్చు. మూల పదార్థం మీద ఒకటి, దాని లవణ రూపం మీద ఒకటి, బిళ్ళగా చేసే తీరు మీద ఇంకొకటి ఉంటాయి. ప్రతి కొత్త దరఖాస్తుకూ 20 ఏళ్ళు మళ్ళీ మొదటి నుంచి లెక్క. మొదటి పట్టా గడువు తీరేలోగా పక్కనే ఇంకో కంచె వేస్తూ పోతే ఆ మందు ఎప్పటికీ అందరిదీ కాదు.

మన చట్టం ఏం చెబుతుంది?

1970 నాటి పేటెంట్ల చట్టం ప్రకారం మన దేశంలో మందుకు పేటెంట్ ఉండేది కాదు, దాన్ని తయారు చేసే పద్ధతికి మాత్రమే ఉండేది. వేరే పద్ధతిలో అదే మందు చేస్తే తప్పు కాదు. హైదరాబాదు ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చిన డాక్టర్ అంజిరెడ్డి 1984లో రెడ్డీస్ సంస్థను స్థాపించింది ఈ చట్టం ఉన్న కాలంలోనే. 2001లో ముంబయికి చెందిన సిప్లా మూడు ఎయిడ్స్ మందులను కలిపి ఒక రోగికి ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామన్నప్పుడు, పెద్ద కంపెనీల ధర 10,000 డాలర్ల పైన ఉండేది.

ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం కారణంగా 2005 జనవరి 1 నుంచి మన దేశంలోనూ మందుకే పేటెంట్ ఇవ్వడం మొదలైంది. అయితే పార్లమెంటు అదే ఏడాది సెక్షన్ 3(డి)ని కఠినం చేసింది. తెలిసిన మందుకే కొత్త రూపం ఇస్తే చాలదు, అది మునుపటికంటే గణనీయంగా మెరుగ్గా పనిచేస్తుందని చూపాలి. పైగా, పేటెంట్ ఇవ్వకముందే దరఖాస్తుపై ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు.

మూడు తీర్పులు, మూడు మందులు

మొదటిది ఒక రకం రక్త కేన్సర్‌కు వాడే ఇమాటినిబ్. నోవార్టిస్ కంపెనీ గ్లివెక్ పేరుతో అమ్మే ఈ మందుకు నెలకు సుమారు 1,20,000 రూపాయలు అయ్యేది. హైదరాబాదుకు చెందిన నాట్కో వంటి సంస్థల మందు సుమారు పది వేలలోపే దొరికేది. నోవార్టిస్ దరఖాస్తును చెన్నై పేటెంట్ కార్యాలయం 2006లో తిరస్కరించింది. సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న ఆ నిర్ణయాన్ని ఖాయం చేసింది.

రెండోది కాలేయ, మూత్రపిండాల కేన్సర్‌కు వాడే సొరాఫెనిబ్. దీని మీద అప్పట్లో బేయర్ కంపెనీకి సరైన పేటెంటే ఉండేది. కానీ నెలకు 2,80,428 రూపాయలు పెట్టగలిగినవారు బహు కొద్దిమంది. అందుకని 2012 మార్చిలో ప్రభుత్వ పేటెంట్ అధికారి, బేయర్ ఒప్పుకోకపోయినా, నాట్కోకు తయారీ అనుమతి ఇచ్చారు. దీన్ని తప్పనిసరి లైసెన్సు అంటారు. మన దేశంలో అదే మొదటిది. నాట్కో నెల మందు 8,800 రూపాయలకు అమ్మి, బేయర్‌కు రాయల్టీ కట్టాలన్నది షరతు.

మూడోది మొండి క్షయకు వాడే బెడాక్విలిన్. జాన్సన్ అండ్ జాన్సన్ దీని లవణ రూపం మీద ఇంకో పేటెంట్ అడిగింది. అది వస్తే హక్కు 2027 దాకా సాగేది. క్షయ నుంచి కోలుకున్న ఇద్దరు మహిళలు, ముంబయికి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసిలే, దానికి అభ్యంతరం చెప్పారు. పాత క్షయ మందుల వల్ల వినికిడి పోగొట్టుకున్నవారు వారు. 2023 మార్చిలో ఆ దరఖాస్తు తిరస్కరించబడింది. మూల పేటెంట్ అదే ఏడాది జులైలో ముగిసింది. రోగులు కూడా ఈ విషయంలో నోరు విప్పవచ్చని దీనివల్ల తెలుస్తుంది.

గడువు తీరాక ఏమవుతుంది?

పోటీ మొదలవుతుంది. గడువు తీరకముందే పరీక్షలు జరిపి, అనుమతులు తెచ్చుకోవడానికి చట్టం ఇతర కంపెనీలను అనుమతిస్తుంది. అందుకే గడువు తీరిన వెంటనే చాలా పేర్లతో ఆ మందు వస్తుంది. చక్కెర వ్యాధికి వాడే సిటాగ్లిప్టిన్ పేటెంట్ 2022 జులైలో ముగిసింది. ఆ సెప్టెంబరుకే జన ఔషధి దుకాణాల్లో 50 మిల్లీగ్రాముల బిళ్ళలు పది 60 రూపాయలకు వచ్చాయి.

ఒక మాట గుర్తుంచుకోండి. మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్, పారసెటమాల్ వంటి మామూలు మందులకు మూల పేటెంట్లు ఎప్పుడో తీరిపోయాయి. వాటి ధరల్లో మీరు చూసే తేడా చాలావరకు కంపెనీ పేరుకు పెట్టే ఖర్చే.

మీరు చేయవలసినవి

• చౌకగా దొరికినంత మాత్రాన మందు నకిలీది కాదు. అదే పదార్థం, అదే మోతాదు ఉన్న జనరిక్ మందు చట్టబద్ధమైనదే. లైసెన్సు ఉన్న దుకాణంలోనే కొనండి, బిల్లు అడగండి, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూసుకోండి.

• చీటీలో ఉన్న మందుకు మూల పేరు ఏమిటో, అందులో తక్కువ ధరది ఉందో లేదో డాక్టరుగారిని అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు.

• మూర్ఛ, థైరాయిడ్, రక్తం పలచబడే మందులు వాడేవారు కంపెనీ మార్చేముందు డాక్టరుకు తప్పక చెప్పండి.

• ఖర్చు భరించలేక బిళ్ళను సగం చేసి వేసుకోవడం, రోజు విడిచి రోజు వాడడం చేయవద్దు. క్షయ, బి.పి., చక్కెర, కేన్సర్ మందుల్లో ఇది ప్రాణం మీదికి తెస్తుంది. డబ్బు ఇబ్బంది ఉంటే ముందుగా మాకు చెప్పండి, అదే పని చేసే చౌక మందు ఉందేమో కలిసి చూద్దాం.