పాత ఫోటోకి కొత్త ప్రింటు: జింప్, గుటెన్‌ప్రింట్ సంగతి

మన తిరుత్తణి, తిరువళ్ళూరు వైపు తెలుగిళ్ళలో ట్రంకుపెట్టె తెరిస్తే పాత ఫోటోలు బయటపడతాయి. 1960 ఏప్రిల్ 1కి ముందు తిరుత్తణి ఆంధ్రలోని చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆ కాలం ఫోటోల వెనక తెలుగులో రాసిన పేర్లు కొన్నిటిమీద ఇంకా కనిపిస్తాయి. అయితే బొమ్మ వెలిసిపోతోంది, ఆ రాత చదివేవాళ్ళూ ఇంట్లో తగ్గిపోతున్నారు. స్కాన్ చేసి మళ్ళీ ప్రింటు తీద్దామంటే డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనాలా? అక్కర్లేదు.

జింప్ అనే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఉచితం. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ 1995లో దీన్ని మొదలుపెట్టారు. విద్యార్థులే! బొమ్మ దిద్దడం బాగానే ఉండేది గానీ, ప్రింటు దగ్గరే చిక్కు. ప్రింటర్‌ని నడిపించే డ్రైవర్‌ని కంపెనీలు విండోస్‌కి ఇచ్చేవి, లినక్స్‌ని పట్టించుకునేవి కావు. మైకేల్ స్వీట్ అనే ఆయన జింప్‌కి ఒక ప్రింట్ ప్లగిన్ రాశారు. 1999లో రాబర్ట్ క్రావిట్జ్ ఆరు రంగుల ఎప్సన్ ఫోటో ప్రింటర్ కొని, అది ఆ ప్లగిన్‌తో సరిగ్గా పని చేయకపోతే తానే బాగు చేయడానికి కూర్చున్నారు. అలా పెరిగిందే జింప్‌ప్రింట్. తర్వాత అన్ని సాఫ్ట్‌వేర్లకీ పనికొచ్చేలా అయ్యాక, అచ్చుయంత్రం గుటెన్‌బర్గ్ పేరు తలచుకుని గుటెన్‌ప్రింట్ అని పేరు మార్చారు.

ఇంతకీ అందులో కష్టం ఏముంది? ఇంక్‌జెట్ ప్రింటర్‌కి లేత రంగు, ముదురు రంగు తెలీదు. చుక్క వేయడం, వేయకపోవడం, దాదాపు అంతే. మన ముగ్గు చుక్కల్లాగే. చుక్కలు దగ్గరగా పడితే ముదురు, దూరంగా పడితే లేత. ముఖం రంగు లేతది కదా, అక్కడ చుక్కలు దూరమై ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. అందుకే ఫోటో ప్రింటర్లలో మామూలు నాలుగు రంగులతోబాటు లేత నీలం, లేత గులాబీ సిరాలు కూడా పెట్టారు. ఏ చుక్క ఎక్కడ పడాలో డ్రైవర్ లెక్క కడుతుంది. ఒకచోట రంగు తక్కువ పడితే ఆ బాకీని పక్క చుక్కల ఖాతాలో వేస్తుంది, కిరాణా కొట్లో చిల్లర లెక్కలాగ. ఈ లెక్క ఎంత బాగుంటే ఫోటో అంత నున్నగా వస్తుంది.

ఇప్పుడు మనం చేయాల్సింది. ఫోటో ముందు వైపే కాదు, వెనక రాత కూడా స్కాన్ చేయండి. ప్రింటులో అంగుళానికి 300 పిక్సెళ్ళు ఉంటే మంచిది, అంటే 4×6 అంగుళాల ఫోటోకి 1200×1800. వాట్సాప్‌లో ఫోటోలాగా పంపితే బొమ్మ చిన్నదైపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. జింప్‌లో 'ప్రింట్ సైజ్' అనేచోట కొలత పెట్టుకోవచ్చు. ప్రింటర్ సెట్టింగుల్లో ఏ కాగితం వాడుతున్నామో తప్పకుండా చెప్పాలి. ఫోటో కాగితం పెట్టి మామూలు కాగితం అని ఎంచుకుంటే సిరా లెక్క తప్పి రంగులు చెడతాయి. కింద తెలుగులో పేర్లు రాయాలంటే యూనికోడ్ ఫాంటు ఎంచుకోండి, ఒత్తులు విడిపోకుండా వస్తాయి.

ఇంకో లాభం ఉంది. కంపెనీ డ్రైవర్ ఇవ్వడం మానేసిన పాత ప్రింటర్లు చాలా గుటెన్‌ప్రింట్‌తో ఇంకా నడుస్తాయి. మూలపడ్డ ప్రింటర్‌ని పాత సామాన్లవాడికి వేసేముందు దాని మోడల్ ఆ జాబితాలో ఉందేమో ఒక్కసారి చూడండి.

ఇంట్లో అవ్వనో తాతనో కూర్చోబెట్టి, ఫోటోలో ఎవరు ఎవరో అడిగి ముందే రాసి పెట్టుకోండి. బొమ్మని జింప్ బాగు చేస్తుంది, పేర్లు మాత్రం వాళ్ళే చెప్పాలి.