జల్లెడలో దొరికే రాక్షసిబల్లి పళ్ళు

రాక్షసిబల్లి అనగానే మనకు ఇంటికప్పును మించిన జంతువే మనసులో మెదులుతుంది. హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరాన్ని చూసినవాళ్ళకైతే మరీను. పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన జంతువది. అయితే ఆ ప్రాణహిత-గోదావరి లోయలోనే ఆకులు, అలములు మేసే చిన్న రాక్షసిబల్లులూ తిరిగాయి. పైకాసిగూడెం దగ్గర దొరికిన వాటి పళ్ళను గురించి ప్రసాద్, పర్మార్ అనే శాస్త్రజ్ఞులు 2020లో ప్రకటించారు.

పళ్ళే ఎందుకు దొరుకుతాయంటారా? చిన్న జంతువు ఎముకలు సన్నన. ఏటి ప్రవాహంలో నలిగి చెదిరిపోతాయి. పంటిపైన పింగాణీ పొర గట్టిది, నిలుస్తుంది. పైగా మనకు పాలపళ్ళు ఒక్కసారే ఊడతాయి గాని, వాటికి బతికినంతకాలం పాతవి రాలి కొత్తవి వస్తూనే వుండేవి.

ఇక ఏరడం. ఇది మన చేతి పనే! బంకమట్టిని బస్తాలకెత్తి ముందు బాగా ఎండబెడతారు. ఎండినదే నీళ్ళలో విచ్చుకుంటుంది, పచ్చిదైతే ముద్దకడుతుంది. మొండిమట్టిని కిరసనాయిల్లో నానబెట్టి, ఆ నూనె వంపేసి, తర్వాత నీళ్ళు పోస్తారు. విడిన మట్టిని జల్లెడలో వేసి నీళ్ళలో మెల్లగా ఆడిస్తారు. చేత్తో రుద్దారో, పన్ను కాస్తా విరిగిందన్నమాటే. అడుగు జల్లెడ కన్నాలు అర మిల్లీమీటరు వుంటాయి. బస్తాలకు బస్తాలు కడిగితే మిగిలేది చారెడో, దోసెడో. దాన్ని ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పరిచి, తడికుంచె కొసతో ఒక్కొక్క రేణువునూ జరుపుతూ చూడాలి. బియ్యంలో రాళ్ళేరే ఓపిక ఇక్కడ చాలదు. రోజంతా చూసినా ఒక్క పన్నూ కనబడకపోవచ్చు.

పోలిక చెబుతాను. మాంసం తినేవాటి పన్ను వంకీకత్తిలా వుండి, అంచున సన్నని రంపపు నొక్కులుంటాయి. ఆకులు తినేవాటిది చిన్న ఆకులాగే, మధ్యలో వెడల్పుగా వుంటుంది. అంచు నొక్కులు పెద్దవి, కొసవైపు వాలివుంటాయి. మేసి మేసి అరిగిన గుర్తుంటే మరీ మంచిది, నమిలిన తీరు తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం చీటీ. ఏ వూరు, ఏ పొర, ఏ తేదీ అన్నది బస్తా కట్టేటప్పుడే రాసి లోపల పెట్టాలి. ఒక చోటి మట్టి కడిగాక జల్లెడను శుభ్రంగా దులపకుండా రెండోది పోస్తే, పన్ను దొరికినా ఏ చోటిదో, ఏ కాలానిదో చెప్పలేం. అలాంటి పన్ను అద్దాల బీరువాలో అందానికి పనికొస్తుందేమో గాని, శాస్త్రానికి సాక్ష్యం కాదు. అందుకే ఆ ఏరేవాళ్ళు ఒక్కో బస్తాకూ జల్లెడను నాలుగుసార్లు కడుగుతారంటే, అది చాదస్తమని మాత్రం నేననను.