కొత్త కారునకు పైపూత అవసరమా?
ధర కుదిరి, అప్పు కాగితములపై సంతకములు ముగిసి, తాళపుచెవి చేతికందబోవు శుభసమయమున, షోరూము ఉద్యోగి మృదుస్వరముతో ప్రస్తావించు టెఫ్లాన్, సెరామిక్ పూతలను కాదనలేక, కొనుగోలుదారుడు మరికొన్ని వేల రూపాయలు సమర్పించుకొనుట నేడు పరిపాటియైనది. (ఆ క్షణమున బేరమాడు బుద్ధి ఎవరికుండును!)

కాని కర్మాగారమున వేసిన రంగు నిస్సహాయమైనది కాదు. తుప్పును నివారించు అడుగుపూత, దానిపై ప్రైమరు, ఆపై వర్ణము, అన్నిటికిని పైన ఎండను తట్టుకొను పారదర్శకమైన క్లియర్‌కోటు, ఇవన్నియు కలిసి సుమారు 100 నుండి 150 మైక్రాన్ల మందమే యైనను, శ్రద్ధగా చూచుకొన్నచో ఏండ్ల తరబడి నిలుచును. టెఫ్లాన్ పూత కొలది నెలలలో కడుగుళ్లకు అరిగిపోవును. సెరామిక్ అంతకంటె మన్నికైనదే. నీటిని జార్చును, మెరుపును నిలుపును. అయినను అది అతిపలుచని పొర యగుటచే, ముందుపోవు లారీ చక్రము ఎగజిమ్మిన కంకరరాతిని ఆపజాలదు. ఆ శక్తి రంగుపై అతికించు దళసరియైన పాలీయురెథేన్ ఫిలిమునకే కలదు. దాని వెలయు అంతకంత.

పక్షిరెట్టను ఎండిపోనీయక నీటితో నాన్చి తుడుచుట, దుమ్మును పొడిగుడ్డతో రుద్దకుండుట, అప్పుడప్పుడు మైనము పట్టించుట, ఇవి పెక్కుమందికి చాలును. పూత కావలసియే యున్నచో, బయటి డిటైలింగ్ దుకాణమున వెల విచారించి, హామీపత్రములోని షరతులు చదివి, పిమ్మటనే షోరూమువారికి బదులు చెప్పుడు.