నోరులేని బిడ్డ గాయం

ఆసుపత్రిలో ఉన్న సంఘస్థులను చూచి, వారికొరకు ప్రార్థించి రావడం మాకు వాడుక. ఒకసారి పిల్లల వార్డులో మా సంఘపు తల్లి ఒకామె ఏడుస్తూ ఎదురైంది. "అయ్యగారూ, బిడ్డ మంచం మీదనుంచి పడ్డాడంటే డాక్టరమ్మ నమ్మడం లేదు. మీరైనా చెప్పండి" అంది.

బిడ్డకు మూడు నెలలు నిండలేదు. తొడ ఎముక విరిగింది. ఆ కుటుంబాన్ని ఎరిగినవారము గనుక, వెనుకాముందు చూడక "వాళ్లు మంచివాళ్లమ్మా" అని డాక్టరుతో చెప్పాము. ఆమె కోపపడలేదు. "బోర్లా పడడం కూడా రాని బిడ్డ మంచం అంచుదాకా ఎలా వచ్చాడండీ?" అని అడిగింది. మా వద్ద జవాబు లేదు.

ఇది డాక్టర్ల అనుమానపు బుద్ధి కాదు. పసిపిల్లల ఎక్స్‌రేలలో కారణం తెలియని విరుపులను 1946లో అమెరికా వైద్యుడు జాన్ కాఫీ గుర్తించి రాశారు. అవి పెద్దలు కొట్టినందువల్లే కావచ్చునని 1962లో డాక్టర్ హెన్రీ కెంప్, ఆయన తోటివారు వైద్యలోకానికి స్పష్టంగా చెప్పారు.

వైద్యులు ముఖ్యంగా ఏమి చూస్తారు? చెప్పిన కథ గాయానికి, బిడ్డ వయస్సుకు సరిపోతుందా? అడిగిన ప్రతిసారీ కథ మారుతోందా? ఆసుపత్రికి తేవడానికి ఎందుకు ఆలస్యమైంది? నడిచే పిల్లలకు మోకాళ్ల మీద, నుదుటి మీద దెబ్బలు సహజం. నాలుగేండ్ల లోపు బిడ్డకు చెవి, మెడ, ఛాతీ, పొట్టల మీద, నాలుగు నెలలైనా నిండని బిడ్డకు ఎక్కడైనా కమిలిన మచ్చ ఉంటే జాగ్రత్తగా పరీక్షిస్తారు.

అయితే ప్రతి మచ్చా దెబ్బ కాదు. మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే పిరుదులమీద నీలిమచ్చలుంటాయి. కొందరికి ఎముకలు పెళుసు, కొందరికి రక్తం గడ్డకట్టదు. అందుకే ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు చేస్తారు. ప్రశ్నలు అడిగినంత మాత్రాన నేరం మోపినట్లు కాదు. జబ్బు తగ్గుతుందని బిడ్డకు వాతలు పెట్టించినా అది గాయమే. దాచకుండా చెప్పండి.

రెండు రోజుల తర్వాత ఆ తల్లి నోరు విప్పింది. తాగివచ్చిన భర్త, ఏడుస్తున్న బిడ్డను కాలుపట్టి లాగాడు. ఆ రోజు డాక్టరు మా మాట విని ఉంటే బిడ్డ మళ్లీ ఆ చేతుల్లోకే వెళ్లేవాడు. అది తలచుకుంటే ఇప్పటికీ మాకు సిగ్గు.

కనుక పెద్దలారా, ఇటువంటివి సంఘంలోనే సర్దిచెప్పి ముగించవద్దు. పిల్లలపై లైంగిక దాడి జరిగిందని తెలిసినా, అనుమానం కలిగినా పోలీసులకు చెప్పాలని 2012 నాటి పోక్సో చట్టం అందరినీ ఆదేశిస్తోంది. తెలిసి చెప్పకపోతే శిక్ష ఉంది. మంచి మనసుతో చెప్పినవారికి రక్షణ ఉంది. ఆడపిల్లను మహిళా డాక్టరే, తల్లిదండ్రులు గాని బిడ్డ నమ్మినవారు గాని దగ్గరుండగా పరీక్షించాలి. బిడ్డ పేరు బయట పెట్టకూడదు. ఏ విధమైన హింస అయినా 1098కి ఫోను చేయవచ్చు.

అటువంటి బిడ్డ మీ కంటపడితే ప్రార్థించండి. ప్రార్థించి లేచి, ఆ ఫోను కూడా చేయండి.