ఊరు మారిన ఓటరు

ప్రజాస్వామ్య సౌధానికి ఓటర్ల జాబితా పునాది వంటిది. పునాది భూమిలో ఉంటుంది కనుక ఎవరి కంటికీ ఆనదు. అలాగే ఎన్నికల నాడు తన పేరు కనిపించక వెనుదిరిగినప్పుడు తప్ప, ఆ జాబితాను గూర్చి సామాన్యుడు ఆలోచించడు. ఈ జాబితాకు పట్టే రోగాలు ముఖ్యంగా రెండు. ఉండకూడని పేర్లు ఉండటం మొదటిది, ఉండవలసిన పేర్లు లేకపోవటం రెండవది. మొదటి రోగానికి తొందరపడి చేసే చికిత్స రెండవ రోగాన్ని తెచ్చిపెడుతుంది. ఈ చిక్కుముడిని విప్పటానికి అమెరికా సంయుక్త రాష్ట్రాలు ఇరవై ఏళ్లుగా చేస్తున్న ప్రయత్నాలు గమనింపదగినవి.

అమెరికాలో దేశమంతటికీ కలిపి ఒకే ఓటర్ల జాబితా లేదు. ఎన్నికల నిర్వహణ అక్కడ రాష్ట్రాల బాధ్యత. నార్త్ డకోటా రాష్ట్రంలోనైతే ఓటరు నమోదు అనే పద్ధతే లేదు! ఓటర్ల పేర్లన్నింటినీ రాష్ట్రస్థాయిలో ఒకే కంప్యూటర్ జాబితాగా ఉంచాలని 2002లో చేసిన సమాఖ్య చట్టం ఆదేశించింది. దానితో జిల్లాల మధ్య గోడలు తొలగాయి గాని, రాష్ట్రాల మధ్య గోడలు అలాగే నిలిచాయి.

న్యూజెర్సీలో పదేళ్లు ఉద్యోగం చేసి, అమెరికా పౌరసత్వం పొంది, ఓటర్లుగా నమోదైన ఒక తెలుగు దంపతులు టెక్సాస్‌కు తరలివెళ్లారనుకుందాం. పాత ఇంటి విద్యుత్ కనెక్షన్ రద్దు చేయించుకుంటారు. పిల్లల బడి పత్రాలు తీసుకుంటారు. కొత్త ఊరిలో డ్రైవింగ్ లైసెన్సు తీసుకొని, ఓటర్లుగా పేర్లు నమోదు చేయించుకుంటారు. అయితే పాత ఊరి ఎన్నికల కార్యాలయానికి ఒక ఉత్తరం రాయాలన్న ఆలోచన ఎందరికి వస్తుంది? అందువలన వారి పేర్లు రెండు రాష్ట్రాలలోనూ నిలిచి ఉంటాయి. ఇందులో వారి దురుద్దేశం ఏమీ లేదు. ఒకే ఎన్నికలో రెండుచోట్ల ఓటు వేయటం నేరం. పేరు రెండుచోట్ల మిగిలిపోవటం కేవలం పరాకు.

ఇటువంటి పరాకు ఎంత విస్తారంగా ఉన్నదో ప్యూ ధార్మిక సంస్థ 2012లో ప్రకటించిన నివేదిక వెల్లడించింది. దేశంలోని నమోదులలో సుమారు 2.4 కోట్లు, అనగా ఎనిమిదింటిలో ఒకటి, చెల్లనివో తప్పులతో కూడినవో అని అది లెక్కగట్టింది. 18 లక్షలకు పైగా మృతుల పేర్లు జాబితాలలో ఉన్నాయి. సుమారు 27.5 లక్షల మంది పేర్లు ఒకటి కంటె ఎక్కువ రాష్ట్రాలలో ఉన్నాయి. ఈ అంకెలు సభలలో, పత్రికలలో మారుమోగాయి. అదే నివేదికలో మరొక అంకె కూడా ఉంది. ఓటు హక్కుకు అర్హులై ఉండి కూడా నమోదు కానివారు సుమారు 5.1 కోట్ల మంది. ఆ అంకెను తలచినవారు తక్కువ.

రాష్ట్రాలు తమ జాబితాలను పరస్పరం సరిచూసుకుంటే జంట నమోదులు బయటపడతాయన్నది సులభంగా తోచే ఉపాయం. కాన్సస్ రాష్ట్రం 2005లో ఇరుగుపొరుగు రాష్ట్రాలతో కలిసి ఈ పని ప్రారంభించింది. దానికి 'క్రాస్‌చెక్' అని పేరు. 2017 నాటికి 28 రాష్ట్రాలు అందులో చేరాయి. ఒక జాబితాలోని పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ మరొక జాబితాలోని వాటితో సరిపోలితే ఆ రెండు నమోదులూ ఒకే వ్యక్తివి కావచ్చునని అది అనుమానించేది. ఒకే పేరు, ఒకే పుట్టినరోజు గల ఇద్దరు వేర్వేరు మనుషులు ఉండటం అరుదు కదా అని అనిపిస్తుంది. ఇక్కడే గణితం మన ఊహను వెక్కిరిస్తుంది.

ఇరవై ముగ్గురు విద్యార్థులున్న తరగతిలో ఇద్దరి పుట్టినరోజులు కలవటానికి సగానికి పైగా అవకాశం ఉంటుందని లెక్కలు చదివినవారికి తెలుసు. ఒక్కొక్క విద్యార్థి తక్కిన ఇరవై ఇద్దరితోనూ జతపడతాడు కనుక మొత్తం 253 జతలు ఏర్పడటమే ఇందుకు కారణం. ఇదే లెక్కను ఓటర్ల జాబితాకు అన్వయించి చూడవచ్చు. దేశంలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు గలవారు వెయ్యిమంది ఉన్నారనుకుందాం. వారి వయస్సులు 18 నుండి 78 ఏళ్ల వరకు సమానంగా పరచుకొని ఉంటే, ఆ అరవై ఏళ్లలో సుమారు 21,900 రోజులుంటాయి. వెయ్యిమందిలో ఏర్పడే జతలు 4,99,500. భాగించి చూస్తే, పుట్టిన సంవత్సరంతో సహా తేదీ కలిసే జతలు దాదాపు ఇరవై మూడు తేలుతాయి. ఆ జతలలో ఏ ఒక్కటీ ఒకే మనిషిది కాదు!

పైగా తేదీలు సమానంగా పరచుకొని ఉండవు. పుట్టిన తేదీ తెలియనప్పుడు జనవరి 1 అని నింపే అలవాటు కొన్ని కార్యాలయాలలో ఉంది. మన పాత తరాలలో అనేకుల పుట్టినరోజులు బడిలో చేర్చుకున్న పంతులుగారి కలం నుండి పుట్టినవే గదా! జూన్, జూలై నెలల తేదీలు ఆ తరంవారి పత్రాలలో అంతగా కనిపించటానికి కారణమదే. అదీగాక తెలుగువారు ఇంటిపేరును ముందు రాస్తారు. అమెరికా దరఖాస్తులో అది చివరికి వెళ్తుంది. ఒకరి పత్రంలో అది పొడి అక్షరంగా మిగిలితే, మరొకరి పత్రంలో తండ్రి పేరే ఇంటిపేరుగా మారుతుంది. అందువలన ఒకే మనిషి ఇద్దరుగా కనిపించవచ్చు, ఇద్దరు మనుషులు ఒకరుగానూ కనిపించవచ్చు.

క్రాస్‌చెక్ సూచించిన తొలగింపు పద్ధతులలో ఒకదానిని పరిశోధకులు పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. రెండుసార్లు ఓటు వేయటానికి ఉపయోగపడిన ఒక్కొక్క నమోదును తొలగించటానికి, సక్రమంగా ఓటు వేసినట్లు కనిపించే సుమారు 300 నమోదులను కూడా ఆ పద్ధతి తొలగించివేస్తుందని తేలింది. సమాచార భద్రత విషయంలోనూ క్రాస్‌చెక్‌పై వ్యాజ్యం నడిచి, 2019లో కుదిరిన ఒప్పందంతో ఆ కార్యక్రమం నిలిచిపోయింది.

ఈలోగా మరొక మార్గం ఏర్పడింది. కొలరాడో, డెలావేర్, మేరీలాండ్, నెవాడా, యూటా, వర్జీనియా, వాషింగ్టన్ అనే ఏడు రాష్ట్రాలు 2012లో 'ఎరిక్' అనే సంస్థను స్థాపించుకున్నాయి. ప్యూ సంస్థ దానికి తొలి చేయూతనిచ్చింది. ఎరిక్ పేరును, పుట్టిన తేదీని మాత్రమే నమ్ముకోదు. సభ్య రాష్ట్రాలు ఓటర్ల జాబితాతో పాటు వాహన లైసెన్సుల సమాచారాన్ని కూడా కనీసం అరవై రోజులకొకసారి పంపాలి. లైసెన్సు సంఖ్య, సామాజిక భద్రతా సంఖ్యలోని చివరి నాలుగు అంకెలు, చిరునామా వంటి పలు ఆనవాళ్లను కలిపి చూస్తారు. మరణాల నమోదునూ, తపాలా శాఖ వద్ద ఉండే చిరునామా మార్పులనూ పోల్చుతారు. పుట్టిన తేదీ వంటి సున్నితమైన వివరాలు రాష్ట్రం దాటకముందే గుర్తు తెలియని సంకేతాలుగా మారిపోతాయి. ఒకే తేదీ ఎల్లప్పుడూ ఒకే సంకేతంగా మారుతుంది కనుక పోల్చటానికి వీలుంటుంది. ఆ సంకేతం నుండి తిరిగి తేదీని రాబట్టటం మాత్రం సులభం కాదు.

ఎరిక్‌లో మరొక విశేషం ఉంది. అర్హులై ఉండి నమోదు కానివారి జాబితాను కూడా అది తయారుచేసేది. వారికి ఉత్తరాలు రాయటం సభ్య రాష్ట్రాల విధిగా ఉండేది. త్రాసులోని రెండు తట్టలనూ సమంగా ఉంచిన ఏర్పాటు ఇది. 2022లో లూసియానా ఆ సంస్థ నుండి వైదొలగింది. మరుసటి ఏడు ఫ్లోరిడా, ఒహాయో, టెక్సాస్, స్థాపక సభ్యురాలైన వర్జీనియా సహా మరో ఎనిమిది రాష్ట్రాలు తప్పుకున్నాయి. సంస్థ ఒక పక్షానికి అనుకూలమన్న ఆరోపణ, నమోదు కానివారికి ఉత్తరాలు రాయాలన్న నిబంధనపై విముఖత అందుకు కారణాలు. వెళ్లిన రాష్ట్రాలకు సమాచారం అవసరం తీరలేదు. అందుచేత వాటిలో కొన్ని ఒక్కొక్క రాష్ట్రంతో విడివిడిగా ఒప్పందాలు చేసుకోవలసి వచ్చింది. నాలుగు రోడ్ల కూడలిలో ఉన్న బావిని వదలి, ఎవరి పెరట్లో వారు తవ్వుకున్నట్లయింది.

అయితే ఎరిక్ చెప్పినదంతా వేదవాక్యం కాదు. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఇల్లు మారినట్లు ఎరిక్ సూచించిన ఓటర్లను పరిశోధకులు పరిశీలించారు. వారిలో కనీసం నూటికి నలుగురు 2018 ఎన్నికలలో పాత చిరునామా నుండే ఓటు వేశారు. అనగా వారు ఇల్లు మారనే లేదు. మైనారిటీ వర్గాల విషయంలో ఈ పొరపాటు దాదాపు రెట్టింపు ఉన్నదని 2021లో వెలువడిన ఆ అధ్యయనం పేర్కొంది. అందువలననే 1993 నాటి జాతీయ ఓటరు నమోదు చట్టంలోని జాగ్రత్తలకు అంత విలువ. ఇల్లు మారినట్లు అనుమానం కలిగిన వెంటనే పేరు కొట్టివేయరాదు. ఓటరు తానే రాసి ఇస్తే తప్ప, ముందుగా నోటీసు పంపాలి. జవాబు రాకపోతే రెండు సార్వత్రిక ఎన్నికలు గడిచేవరకు వేచి ఉండాలి. ఆ ఎన్నికలలో అతడు ఓటు వేయకపోతేనే తొలగించాలి.

మన దేశంలో రాజ్యాంగం 324వ అధికరణం జాబితాల తయారీని ఒకే ఎన్నికల సంఘానికి అప్పగించింది. అయినా ఈ సమస్య మనకు పరాయిది కాదు. వేర్వేరు రాష్ట్రాల ఓటర్లకు ఒకే గుర్తింపు కార్డు సంఖ్య పడినట్లు 2025 మార్చిలో సంఘం అంగీకరించింది. అన్ని రాష్ట్రాల సమాచారం ఒకే కంప్యూటర్ వేదికపైకి రాకముందు ఎవరి సంఖ్యలు వారు వేసుకోవటమే దానికి కారణమని వివరించింది. 2018 డిసెంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికల నాడు తమ పేర్లు కానరాక ఎందరో వెనుదిరిగారు. అప్పటి ప్రధాన ఎన్నికల అధికారి ప్రజలకు క్షమాపణ చెప్పారు.

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక వ్యక్తి ఒకటి కంటె ఎక్కువ నియోజకవర్గాలలో నమోదు కారాదు. నివాసం మారిందన్న కారణంతో పేరు తొలగించాలంటే, ముందు ఆ ఓటరు చెప్పేది వినే అవకాశం కల్పించాలని కూడా అదే చట్టం చెబుతుంది. శ్రీకాకుళం నుండి హైదరాబాదుకు పనికై వచ్చి స్థిరపడిన వ్యక్తి నేడు కొత్తగా ఫారం 6 నింపనవసరం లేదు. 2022 ఆగస్టు నుండి, నియోజకవర్గం మారినా ఫారం 8 ఇస్తే చాలు. పాత కార్డు సంఖ్య ఆధారంగా అతని నమోదే కొత్త చిరునామాకు తరలివస్తుంది.